నెలకి ఎంతొస్తాది?

ఒరే మావా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది, ఏమీ అనుకోకు. పగలంతా పలాస చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి కుటుంబాల ఆదాయం రాసుకోవడం, రాత్రి ఆ కాగితాలు సరిచూసుకోవడంతోనే సరిపోతోంది. "అడిగితే చెప్తారు, రాసుకుంటావు, అందులో టెన్షన్ ఏముంది?" అన్నావు కదా, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొన్న ఒకావిడ ఇంటికి వెళ్లాను. జీడి బట్టీలో పిక్కలు కొట్టి వచ్చి అప్పుడే అరుగు మీద కూలబడింది. జీడి నూనెకి వేళ్ల చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. కూలి కిలోల లెక్క. నెలకి ఎంతొస్తుందమ్మా అంటే, "ఏటి సెప్పమంతావు బావూ, పనున్నాల్లు ఒస్తాది, నేన్నాల్లు నేదు" అంది. మళ్లీ అడిగితే తొమ్మిది వేలంది. ఆ వీధిలో అప్పటికే ఆరిళ్లలో అదే తొమ్మిది వేలు విన్నాను. పల్లెల్లో బియ్యం కార్డుకి నెలకి 10,000 హద్దు పెట్టారు కదా, అంతకన్నా ఎక్కువ చెప్తే కార్డు పోతుందని భయం. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

పెన్ను పక్కన పెట్టి, ఒక్కొక్కటీ విడివిడిగా అడిగాను. అత్తగారికి ఒకటో తారీఖున 4,000 పింఛను. కొడుకు చెన్నైలో తాపీ పని, వీలైనప్పుడు ఫోన్‌పేలో పంపుతాడు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లే మా లెక్కలో ఒక కుటుంబం. కాబట్టి కొడుకు ఈ ఇంట్లో మనిషి కాడు, వాడు పంపిన డబ్బు మాత్రం ఈ ఇంటి ఆదాయమే. డ్వాక్రా అప్పు చేతికొస్తే దాన్నీ "వచ్చింది"లో కలిపేసింది, అది తీసేశాను. తిండికి ఉంచుకున్న వడ్లు అసలు లెక్కలోకే తేలేదు, వాటికి ధర కట్టి కలిపాను. ఈ ఒక్క ఇంటికే గంటన్నర పట్టింది.

ఇంత కష్టపడి తీసిన అంకెలన్నీ చివరికి ఊరి సగటుగా మారిపోతాయి, నాకు మనసొప్పనిది అదే. పదిళ్లున్నాయనుకో, తొమ్మిదింటికి నెలకి పది వేలు, పదో ఇంటికి రెండు లక్షలు. సగటు 29 వేలు! ఆ డబ్బు ఏ ఇంట్లోనూ లేదు. అందుకే ఇళ్లని వరసగా నిలబెట్టి నడిమి ఇంటి ఆదాయం చూడాలి, ఇక్కడ అది పది వేలే. అసమానతని కొలవడానికి కొర్రాడో జినీ అనే ఇటలీ ఆయన 1912లో ఇచ్చిన కొలత కూడా ఉంది, దాన్ని ఆయన పేరుతోనే జినీ అంటారు. అందరికీ సమానంగా ఉంటే 0, అంతా ఒక్కడి దగ్గరే ఉంటే 1. మన పదిళ్లకి వేసి చూశాను, 0.59 వచ్చింది.

కానీ మన దేశంలో ఇన్నాళ్లూ ఎక్కువగా కొలిచింది ఆదాయం కాదు, ఖర్చు. 2023-24లో ప్రభుత్వం చేసిన కుటుంబ ఖర్చుల సర్వేలో పల్లెల జినీ 0.237 అన్నారు, అంతకు ముందు ఏడాది 0.266. చూడటానికి బాగుంది. అయితే ఈ జీడి బట్టీ ఆవిడ అప్పు చేసైనా బియ్యం, మందులు కొంటుంది. మిల్లు యజమాని మిగిలింది దాచుకుంటాడు. ఖర్చుల్లో ఇద్దరూ దగ్గర దగ్గరగా కనిపిస్తారు, ఆదాయాల్లో ఎక్కడి పొంతన! పైగా ఆ మిల్లు యజమాని ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. గేటు దగ్గరే "సారు లేరండి" అన్నారు. పేదింట్లో వడ్ల గింజ దాకా లెక్కపెట్టి, పెద్దింటి గడి ఖాళీగా వదిలేస్తే ఆ జినీకి అర్థమేముంది? నాకు ఒళ్లు మండుతోంది.

వచ్చే వారం మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను, ఈసారి గోడ క్యాలెండర్ పట్టుకుని. సంక్రాంతికి ఎంత, ఎండాకాలంలో ఎంత, కోతలప్పుడు ఎంత అని నెలనెలా అడగాలి. నువ్వు పండక్కి వస్తున్నావు కదా. ఆ మిల్లాయన మీ పెదనాన్నకి బాగా తెలుసు. ఒక్క గంట నాతో కూర్చోబెట్టించరా, పేరు ఎక్కడా రాయనని నా మాటగా చెప్పు.

నీ
మావ