కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: వీధుల పునర్నిర్మాణం, వాననీటి పారుదల

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం నమస్కరించి సమర్పిస్తున్న నివేదిక ఇది. మంచినీటి చెరువును ఆనుకొని ఉన్న మన వీధులకు కొత్త రోడ్లు ఎలా వేయించుకోవాలి, అంతకు ముందు వాననీటికి దారి ఎలా చూపించాలి అన్న విషయానికే ఈ ఏడాది సంఘం సమయంలో సింహభాగం ఖర్చయింది. వీధి దీపాల మరమ్మతులు, దోమల మందు పిచికారీ, సంక్రాంతి ముగ్గుల పోటీలు యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశానికి ముందే ప్రతి ఇంటికీ అందజేస్తాము కనుక ఆ వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు.

కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఏకైక మార్గం ఉప్పుటేరు. మన కాలనీ మురుగు కోడు (వీధుల నీటిని తీసుకుపోయే పెద్ద మురుగు కాలువ) కూడా చివరికి అందులోనే కలుస్తుంది. పైన కొల్లేరు నిండి, కింద సముద్రపు పోటు తగిలిన రోజుల్లో కోడులో నీరు కదలకుండా నిలిచిపోతుంది, ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ వరద కొల్లేటికి చేరినప్పుడు, ఇక్కడ వాన వెలిసి ఎండ కాస్తున్నా మన వీధుల్లో నీరు దిగకపోవడానికి కారణం ఇదే. అంత పెద్ద వరదను మన సంఘం ఆపగలిగేది కాదు. కానీ కోడు ఖాళీగా ఉన్న రోజుల్లో సైతం గంటసేపు వాన కురిస్తే మోకాలి లోతు నీరు ఎందుకు నిలుస్తోందో తేల్చుకోవడం మన చేతిలోని పనే.

అందుకోసం సభ్యుల్లోని విశ్రాంత ఇంజనీర్ల సాయంతో వీధి వీధికీ మట్టాలు తీయించాము. డెల్టా నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ వాలు దొరకడమే కష్టం. 500కు 1 చొప్పున వాలు ఇచ్చినా వంద మీటర్ల వీధి పొడవునా కాలువ అడుగు దిగేది 20 సెంటీమీటర్లే. అంత స్వల్పమైన వాలును ఒక్క ఇంటి ముందు చప్టా మింగేయగలదు. మన సైడు కాలువల అడుగు చాలా చోట్ల నడుమ పల్లంగా, చివర ఎత్తుగా ఉన్నట్టు కొలతల్లో బయటపడింది. అంటే నీరు కోడు వైపు పోవడానికి బదులు వీధి మధ్యకే చేరుతోంది. వాకిలి ముందు కాలువ మీద శాశ్వతంగా పోసిన ఒక ర్యాంపును యజమాని అంగీకారంతో పగలగొట్టించగా, కింద కొబ్బరి బొండాలు, ప్లాస్టిక్ సంచులు, ఒక సైకిలు టైరు, గట్టిపడిన పూడిక కనిపించాయి. కాలువలో చెయ్యి పట్టేంత ఖాళీ కూడా మిగలలేదు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎకరం నేల మీద సుమారు రెండు లక్షల లీటర్ల నీరు పడుతుంది. ఆ నీరంతా పోవలసిన సందు అది.

చెరువుగట్టు వీధి సంగతి వేరు. సాగునీటి కాలువలకు నీరు ఆపేసే ముందు వేసవి అవసరాలకు చెరువును నిండా నింపుతారు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్‌లో, చినుకు రాలకపోయినా ఆ వీధి అంచు తడిగా ఉంటుంది, గట్టు అడుగున తుంగ పచ్చగా మొలుస్తుంది. చెరువులో నీరు తగ్గేకొద్దీ తడి కూడా తగ్గుతుంది. దీన్నిబట్టి అక్కడి రోడ్డును పాడుచేస్తున్నది గట్టు కిందనుంచి వచ్చే ఊట అని అర్థమవుతోంది. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకొని బీటలిస్తుంది. దాని మీద ఎన్నిసార్లు తారు వేసినా అది లేచిపోక తప్పదు. అందువల్ల గట్టు అడుగున కంకర నింపిన కందకం తవ్వి, అందులో చిల్లుల గొట్టం వేసి, ఊటనీటిని పక్కకు తీసుకుపోవాలని, గట్టును మాత్రం ఎక్కడా తవ్వకూడదని ప్రతిపాదనలో రాశాము.

వీధుల నీటిని చెరువులోకే వదిలేస్తే సులువుగా తేలిపోతుంది కదా అని కొందరు సభ్యులు సూచించారు. కార్యవర్గం దీనికి అంగీకరించలేదు. చెరువు మట్టం వీధుల కంటే ఎత్తున ఉండటం ఒక కారణం. పట్టణం తాగే నీటిలోకి వీధి మురుగును పంపకూడదన్నది అంతకంటే పెద్ద కారణం.

పాత రోడ్డు మీద కొత్త పొర వేసే పద్ధతికి కూడా ఇకపై ఒప్పుకోకూడదని నిర్ణయించాము. పొర మీద పొర పడి వీధులు లేచాయి, పాత ఇళ్ళ గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. వాన కురిస్తే గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకునే ఇళ్ళు మన కాలనీలో ఉన్నాయి. పాత పొరలు తవ్వి తీసి, గ్రావెల్ పరిచి అణగదొక్కి, ఇప్పుడున్న మట్టం దాటకుండా సీసీ రోడ్డు వేయాలని కోరాము. రోడ్డు నడుమ నుంచి అంచులకు 50కి 1 వాలు ఉండాలి. అంటే 5 మీటర్ల రోడ్డుకు నడుమ 5 సెంటీమీటర్ల ఎత్తు చాలు. కాంక్రీటును కనీసం 14 రోజులు తడపాలని, 28 రోజుల వరకు బరువు వాహనాలను వదలకూడదని కూడా చేర్చాము. తొందరపడి ట్రాక్టర్లను వదిలేది తరచు మనమే కాబట్టి ఈ షరతు గుత్తేదారుకు ఎంతో మనకూ అంతే.

పనుల వరుస విషయంలో కార్యవర్గం పట్టుదలగా ఉంది. ముందు కోడులో గుర్రపుడెక్క, పూడిక తీయించి, చివరి తూము మట్టం సరిచేయాలి. ఆ తూము అడుగు మన కాలువల అడుగు కంటే ఎత్తున ఉన్నంతకాలం పైన ఎంత మంచి కాలువ కట్టినా ప్రయోజనం లేదు. తరువాత సైడు కాలువలు, ఆ పిమ్మట తాగునీటి గొట్టాలు, ఇంటింటి కనెక్షన్లు, కేబుళ్ళు, చిట్టచివర రోడ్డు. కొత్త రోడ్డును గొట్టం కోసం కోయడం మనం ఎన్నిసార్లు చూడలేదు! ఇదంతా సాగునీటి కాలువలకు నీరు ఆపేసిన వేసవి వారాల్లోనే సాగాలి. అదను తప్పితే మళ్ళీ ఏడాది ఆగవలసిందే. డెల్టాలో మురుగు పారుదల కోసం ప్రత్యేకంగా సెస్సు విధిస్తూ 1968లోనే చట్టం వచ్చిందంటే, ఈ సమస్య ఒక్క మన కాలనీది కాదని, ఇవాళ్టిది అంతకన్నా కాదని తెలుస్తుంది.

మట్టాల పటంతో కూడిన ప్రతిపాదనను పురపాలక కార్యాలయానికి అందజేశాము. ఇంజనీరింగ్ సిబ్బంది వచ్చి వీధులు చూసి వెళ్ళారు. అంచనాలు ఇంకా మంజూరు కాలేదు. తూము దిగువన చేపల చెరువుల గట్లు కోడులోకి జరిగి వచ్చిన చోట సరిహద్దు సర్వే చేయించాలని విడిగా అర్జీ పెట్టాము.

రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలను సభ్యుల ఆమోదానికి ఉంచుతున్నాము. కాలువల మీద ఉన్న శాశ్వత ర్యాంపులను యజమానులే తొలగించుకొని, ఎత్తి పూడిక తీయడానికి వీలైన సిమెంటు పలకలను అమర్చుకోవాలన్నది మొదటిది. కార్యవర్గ సభ్యుల ఇళ్ళతోనే ఇది మొదలవుతుంది. మరుగుదొడ్ల నీటిని వాననీటి కాలువల్లోకి వదులుతున్న ఇళ్ళవారు పనులు మొదలయ్యేలోగా ఇంకుడు గుంతలతో కూడిన సెప్టిక్ ట్యాంకులు కట్టుకోవాలన్నది రెండవది. చెరువుగట్టు వైపు ఇళ్ళలో స్థలం చాలనివారు, నేలలో ఊట వల్ల ఇంకుడు గుంత పనిచేయనివారు సమావేశానికి ముందే కార్యదర్శికి రాతపూర్వకంగా తెలియజేస్తే, రెండు మూడు ఇళ్ళకు కలిపి ఒక ఏర్పాటు చేసే వీలును ఇంజనీర్లతో మాట్లాడి చెబుతాము.