లడ్డూగాడి గుండె

విశాఖపట్నం,
మంగళవారం రాత్రి

ఒరేయ్ గుండూ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబివ్వలేదు, తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, నాకు ప్రమోషన్ రాలేదు, మేడ మీద గది సగంలో ఉంది. అసలు సంగతి మన కుక్క లడ్డూ.

గురువారం రాత్రి దగ్గు పట్టుకుంది. రుషికొండలో ఉప్పునీళ్లు మింగి దగ్గావు చూడు, అచ్చం అదే. (తువ్వాలు సంగతి ఎవరికీ చెప్పలేదులే.) పడుకున్నాక ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 48! నిద్రలో 30 దాటకూడదట. ఒంటిగంటకి ఆటోలో పరిగెత్తాం. ఊపిరితిత్తుల్లో నీరు. ఆ నీటిని ఒంటికి పోయించి తీసేసే ఫ్యూరోసిమైడ్ ఇంజెక్షన్ చేశారు. కాసేపటికి నా ఒళ్లోనే వాన కురిపించాడు. తడిసినందుకు అంత సంబరపడటం అదే మొదటిసారి.

మర్నాడు ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే తెరమీద గుండె టపటపా కొట్టుకుంటోంది. "పంపింగ్ బాగానే ఉంది కదండీ" అన్నాను ఆశగా. "అక్కడే మోసపోతాం" అంది డాక్టరమ్మ. గుండె ఎడమ గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటం రేకులు మందమై సరిగా మూసుకోవట్లేదట. గుండె ఎంత గట్టిగా నొక్కినా కొంత రక్తం వెనక్కి, ఎడమ పై గదిలోకి పోతోంది. ఆ గది ఉబ్బిపోయింది. వీడిలాంటి చిన్న జాతులకి వయసు మళ్లాక ఇది మామూలేనట.

ఇది నీకొక్కడికే చెప్తున్నా. పోయిన సంక్రాంతికి టీకా కోసం వెళ్లినప్పుడే "గుండెలో మర్మర్, అదే అదనపు చప్పుడు, వినిపిస్తోంది, ఎకో తీయిద్దాం" అంది డాక్టరమ్మ. గంతులేస్తున్నాడుగా, ఎందుకు దండగ అనుకున్నాను. ఆ డబ్బుతో సిమెంటు కొన్నాను. నిన్న చదివాను: 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం, 360 కుక్కల మీద. గుండె పెద్దదై, ఇంకా ఫెయిల్ కాని దశలో పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే, ఉత్తుత్తి మాత్ర వేసినవాటికంటే ఆ ముప్పు సుమారు 15 నెలలు వెనక్కి జరిగిందట. అప్పటికి వీడి గుండె పెరిగిందో లేదో... ఎకో తీయిస్తే తెలిసేది. పదిహేను నెలలురా. ఆ బస్తాలు చూస్తుంటే... సరే, వదిలేయ్.

ఇప్పుడు వేస్తున్న ఆ పిమోబెండాన్ మాత్ర తిండికి గంట ముందు, ఖాళీ కడుపునే వేయాలి. ఇడ్లీలో మాత్ర దాచే మన కిటుకు చెల్లదు. నాన్నే పొద్దున్నే ఆరింటికి లేచి, నోరు తెరిపించి, గొంతు నిమిరి మింగిస్తున్నాడు. తన బీపీ మాత్ర మాత్రం రోజూ మర్చిపోతాడు! అమ్మ రెండు డబ్బాలు విడదీసి, ఒకదాని మీద "మనిషి", ఇంకోదాని మీద "లడ్డూ" అని రాసింది. ఫ్యూరోసిమైడ్ మాత్రల వల్ల నీళ్లు తెగ తాగేస్తున్నాడు, రాత్రి మూడుసార్లు కిందికి.

నిన్న రాత్రి ఊపిరి లెక్క 26. దసరాకి నువ్వొచ్చేసరికి... ఆగు, తలుపు గీకుతున్నాడు. మెట్లు దిగనివ్వకూడదు, ఎత్తుకెళ్లాలి. మిగతాది