మధ్య చుక్క లేని ముగ్గు

తిరుపతి, బైరాగిపట్టెడ

చి. శారదకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. పెరట్లో మామిడి ఈసారి బాగా పూసింది. నువ్వు ఫోను చేసి 19 రోజులైంది. పనిలో ఉండి ఉంటావు.

నిన్న వసంత పిన్ని వచ్చి, వెళ్తూ వెళ్తూ గడప దగ్గర నిలబడి, "శారద పరిశోధన మానేసి బెంగళూరులో ఉద్యోగం చూసుకుంటోందట కదా" అంది. నేను ఏమీ అనలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

అది అలా ఉండనీ. ఆదివారం చిత్తూరు నుంచి వస్తుంటే గాదంకి దగ్గర చీకటి పడింది. చిన్నప్పుడు ఇదే దారిలో, అక్కడి పరిశోధనశాల వాళ్లు గాలిని పరిశీలించడానికి ఆకాశంలోకి వదిలే లేజరు (లైడార్) కిరణాన్ని చూసి "ఆకాశానికి పచ్చ తాడు కట్టారమ్మా" అని అరిచావు. కంటికి కనపడని 1064 నానోమీటర్ల లేజరు కాంతిని స్ఫటికంలోకి పంపి 532 నానోమీటర్ల పచ్చ కాంతిగా మారుస్తారని పెద్దయ్యాక నువ్వే చెప్పావు. అంత ఇష్టపడి ఎంచుకున్న చదువు మానేస్తావంటే ఎలా నమ్మను?

మొన్నటి సంక్రాంతి గుర్తుందా? 7 చుక్కలు, 4 వరకు సందు చుక్క పెట్టాను. నేను గీత మొదలుపెట్టేలోపే నువ్వు వచ్చి మధ్య చుక్కను బొటనవేలితో చెరిపేశావు. నాకు కోపం వచ్చింది. "ఇదే నా ఫైబరు అమ్మా, కాంతిని మోసే సన్నని గాజు తీగ. ఈ 36 చుక్కలూ గాజులో పొడవునా ఉండే గాలి రంధ్రాలు. మధ్యలో రంధ్రం లేని గాజులోనే కాంతి నడుస్తుంది" అన్నావు. మామూలు ఫైబరులో ఆ దారి 8, 9 మైక్రాన్లు ఉంటే నీ దాంట్లో 2 మైక్రాన్లేనట; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇరుకులో పడ్డ కాంతి గాజును గట్టిగా కదిలించి కొత్త రంగులు పుట్టిస్తుందట. మామూలు ఫైబరు గాజు అయిన సిలికాలో పక్కపక్క రంగులు విడిపోకుండా కలిసి సాగేది 1270 నానోమీటర్ల దగ్గరైతే, రంధ్రాల సైజూ ఎడమూ మార్చి ఆ చోటును లేజరు ఉండే 800 దగ్గరికి లాక్కురావచ్చని వేలితో చూపించావు. 2000లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల వాళ్లు 75 సెంటీమీటర్ల ముక్కలోనే ఊదా నుంచి పరారుణం దాకా రంగులు రప్పించారని నువ్వు చెబుతుంటే లోపల పొంగలి అడుగంటింది, పాలవాడు గేటు దగ్గరే నిలబడిపోయాడు. నీ ముఖం అంత వెలిగిపోవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

అందుకే అడుగుతున్నాను. గాజు గొట్టాలు పేర్చి దాదాపు 2000 డిగ్రీల కొలిమిలో ఫైబరుగా లాగితే రంధ్రాలు పూడుకుపోయాయని చివరిసారి ఫోనులో ఏడ్చావు. వేడి కాస్త తగ్గించి, లోపల గాలి ఒత్తిడి పెంచి చూస్తానన్నావు. చూశావా? తీగపాకం కూడా మంట ఎక్కువైతే చేతికి రాదు. ఆ పూటకు పొయ్యి ఆర్పి, మర్నాడు మళ్లీ పెడతాం. ఖాళీ కడుపుతో, నిద్ర లేకుండా పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు. నీకు నిజంగా ఉద్యోగమే కావాలంటే నేను అడ్డు చెప్పను. కానీ ఆ మాట నాకు నీ నోటి నుంచి తెలియాలి, వసంత నోటి నుంచి కాదు.

గురువారం రైలుకు ఎదురింటి అబ్బాయి కలకత్తా వస్తున్నాడు. చింతకాయ పచ్చడి, గుమ్మడి వడియాలు, నీ నీలం స్వెట్టరు పంపుతున్నాను. పచ్చడిలో తడి చెంచా పెట్టకు. వడియాలు హాస్టల్‌లో అందరికీ పంచేయకుండా కొన్ని నీకూ ఉంచుకో. ఆదివారం ఉదయం 8 నుంచి ఫోను నా పక్కనే ఉంటుంది.

అమ్మ