గుడి గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు వాలంటీర్లు కావాలంటే మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలోని కుటుంబాల్లో, పేర్లిచ్చేవాళ్లకు కొదవుండదు. కొండెక్కే యాత్రికులకు మంచినీళ్లు అందించడం, క్యూలు సర్దడం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చడం మావాళ్లకు అలవాటైన పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడూ అంతే. మా కుర్రాళ్లు నడుంలోతు నీళ్లలో పాలప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని వెళ్లారు. వాళ్లను చూసి గర్వపడ్డాను.

అదే విచారణలో, ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునే ఒక పెద్దావిడ కిందటేడు తుంటి ఎముక విరిగి రెండు నెలలు మంచాన పడింది. ఆ సంగతి మాకు తెలిసింది, ఆవిడ చేతికర్రతో మళ్లీ పూజకు వచ్చిన రోజున. అన్నాళ్లూ ఆవిడకు పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, దివ్యసత్ప్రసాదం కూడా అందలేదు. ఫాదర్ గారిని తప్పుపట్టను. అన్ని కుటుంబాల గడపా ఒక్క మనిషి ఎలా తొక్కగలరు? పక్కన కూర్చున్న నేను కనుక్కోవాల్సింది.

మేత్రాణుల (బిషప్పు గారి) అనుమతి ఉంటే గృహస్థులు, అంటే మనలాంటి మామూలు విశ్వాసులు కూడా రోగులకు దివ్యసత్ప్రసాదం ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఇది చాలామందికి తెలియదు. సేవంటే గురువులదీ (ఫాదర్లదీ) సిస్టర్లదీ అనే అలవాటు మనకు ఎప్పుడు పట్టుకుందో గానీ, మన పల్లెల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది పెళ్లాం పిల్లలతో సంసారం చేసుకుంటూ ఊరూరా జపాలు నేర్పిన ఉపదేశులే. గృహస్థుల సేవ జ్ఞానస్నానంతోనే వచ్చిన బాధ్యత అని ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. పూజలో బైబిలు పఠనాలు చదివే, బలిపీఠం దగ్గర సేవ చేసే పదవులను 2021లో పోపు ఫ్రాన్సిస్ స్త్రీలకూ తెరిచారు. ఇంకా ఆడవాళ్లంటే పూలు సర్దడానికీ గుడి ఊడవడానికీ అనుకోవడం నాకు నచ్చదు.

చేయాల్సిన పని మన కళ్లముందే ఉంది. కొత్త ప్రభుత్వాసుపత్రికి పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కౌంటరు ఎటో, స్కానింగు ఎక్కడ తీస్తారో తెలియక పొద్దున్నుంచీ తిరుగుతుంటారు. చీటీ చదివి, చెయ్యిపట్టి తీసుకెళ్లే మనిషి తోడుంటే వాళ్లకు ఒక పూట కూలి మిగులుతుంది. దీనికి వేదశాస్త్రం చదవక్కర్లేదు, క్రైస్తవులా కాదా అని అడగనూ అక్కర్లేదు. వారానికి రెండు గంటలు చాలు. ఇక ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలన్నది చర్చి చట్టమే. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు మనలో ఎంతమంది లేరు? లెక్కలు వాళ్ల చేతికిచ్చి, నోటీసుబోర్డు మీద పెట్టమనండి.

మనసు లేక కాదు, పేరుపెట్టి పిలిచేవాళ్లు లేక చాలామంది వెనకబెంచీల్లో ఉండిపోతున్నారు. నగరంలోని విచారణ గురువులందరికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం లోపు గుడి గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టించండి. పేరు, వీధి, ఏ పని చేయగలరు, ఏ వేళ వీలు అని నాలుగు గళ్లు గీయించండి. వీధికొకరిని పెట్టి, పూజకు రాని ఇంటికి ఆ వారమే వెళ్లి రమ్మనండి. మా వీధి నేను చూసుకుంటాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పటమట, విజయవాడ