భాషా లోపాలపై పీహెచ్‌డీకి క్లినిక్ అనుభవం తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

నేను స్పీచ్ థెరపిస్టుని. భాషా లోపాలపై పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులు డేటా కోసం మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల తెలివి మీద, కష్టం మీద నాకు ఏ అనుమానమూ లేదు. వాళ్లకు ఇస్తున్న శిక్షణ మీదే నా బాధంతా.

భాషాశాస్త్రం నుంచి వచ్చినవారికి వాక్యాన్ని విప్పి చూడటం బాగా వచ్చు. పక్షవాతంతో మాట పోయిన మనిషి ఒక్క పదం కోసం వెతుక్కుంటుంటే, అందించకుండా ఆగి వినడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. థెరపీ చదివి వచ్చినవారికి ఆ ఓపిక ఉంటుంది. కానీ రికార్డు చేసిన మాటల్లో ఏ ప్రత్యయం (పదం చివర చేరే ముక్క) జారిపోతోందో చెప్పమంటే తడబడతారు. ఈ రెండు విద్యలూ ఒకే మనిషికి రావాలి.

పిల్లల సంగతే చూడండి. వినికిడి, తెలివి బాగానే ఉన్నా భాష సరిగా పట్టుబడని పిల్లలు దాదాపు ఏడు శాతం ఉంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. దీన్నే డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటున్నారు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో ఇది క్రియల చివర కాలాన్ని తెలిపే ప్రత్యయాల దగ్గర బయటపడుతుంది. ఇటాలియన్ పిల్లల్లో అయితే క్రియను అంటిపెట్టుకుని వచ్చే చిన్న చిన్న సర్వనామాలు ఎక్కువగా జారిపోతాయి. లోపం ఒకటే అయినా కనిపించే చోటు భాషను బట్టి మారుతోంది. అలాంటప్పుడు ఇంగ్లీషు పరీక్షను అనువాదం చేసి మార్కులు వేస్తే ఏం తెలుస్తుంది? తన భాషకు తానే పరీక్ష తయారుచేసి, మామూలుగా ఎదుగుతున్న పిల్లల మీద దాన్ని సరిచూసుకోవడం విద్యార్థికి ముందుగా రావాలి. రెండు భాషల ఇంట్లో పెరిగే పిల్లల్ని రెండింటిలోనూ పరీక్షించాలి. లేకపోతే రెండో భాష ఇంకా నేర్చుకుంటున్న బిడ్డకు లోపం ఉందని ముద్ర వేస్తాం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, పరిశోధనలో పాల్గొనడానికి ఒప్పుకుంటున్నామని రోగులు సంతకం చేసే సమ్మతి పత్రం. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని మాట్లాడటం, అర్థం చేసుకోవడం కష్టమయ్యే స్థితి, వస్తుంది. వాళ్లకు దెబ్బతినేది భాష. సొంత అభిప్రాయం, ఇష్టాయిష్టాలు అలాగే ఉంటాయి. అలాంటి వారి చేతికి పొడుగాటి వాక్యాలతో నిండిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటున్నాం. చదవలేకపోతే పక్కనున్న బంధువు చేత పెట్టిస్తున్నాం. అదీ కుదరకపోతే ఆ మనిషిని అధ్యయనం నుంచే తప్పిస్తున్నాం. దాంతో ఇబ్బంది ఎక్కువగా ఉన్నవారి గురించే మనకు తక్కువ తెలుస్తోంది. చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మలు వాడి, తగినంత సమయం ఇచ్చి, అవును కాదు ప్రశ్నలతో అర్థమైందో లేదో చూసుకుంటే చాలామంది తమ నిర్ణయం తామే చెప్పగలరు. ఇది అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని. ఒక్క ఉపన్యాసంతో వచ్చేది కాదు.

గడువు మరో చిక్కు. రెండేళ్ల వయసులో మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు, కొందరు అందుకోలేరు. ఎవరు ఏ దారిన వెళ్తారో తెలియాలంటే ఏళ్ల తరబడి గమనించాలి. పీహెచ్‌డీ గడువులో ఒక్క విద్యార్థి వల్ల అయ్యే పని కాదిది. పిల్లల సంభాషణలను పరిశోధకులు పంచుకోవడానికి 1984లోనే చైల్డ్స్ అనే భాండాగారం మొదలైంది. ఒక పద్ధతి ప్రకారం రికార్డు చేసి, రాసి, కుటుంబాల అనుమతితో అలా పంచుకోవడం మొదటి ఏడాదే నేర్పితే ఒకరు ఆపిన చోటు నుంచి మరొకరు అందుకుంటారు.

అందుకే విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను. ఈ అంశం తీసుకున్న ప్రతి స్కాలర్‌కూ భాషాశాస్త్రం నుంచి ఒకరు, క్లినిక్ నుంచి ఒకరు చొప్పున ఇద్దరు గైడ్లను ఇవ్వండి. డేటా సేకరణకు అనుమతి ఇచ్చేముందు కొన్ని నెలలైనా క్లినిక్‌లో పనిచేయాలని నియమం పెట్టండి. ఉద్యోగం వదిలి పరిశోధనకు వచ్చే థెరపిస్టులకు ఇల్లు గడిచేంత ఫెలోషిప్ ఇవ్వండి. పరిశోధన ముగిశాక, అందులో పాల్గొన్న కుటుంబాలకు ఫలితాలు అర్థమయ్యే మాటల్లో చెప్పాకే థీసిస్ తీసుకోండి.

ఇట్లు,
ఒక స్పీచ్ థెరపిస్ట్