పూర్తి మ్యాచ్‌లు తీసేసి హైలైట్స్ చూసుకోమంటే ఎలా?

కూకట్‌పల్లి, హైదరాబాద్
2025 ఆగస్టు 4

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: ఏడాది చందా కట్టించుకుని, ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) పాత సీజన్ల పూర్తి మ్యాచ్‌లను మధ్యలో తొలగించడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

ఈ మే 18న మీ యాప్‌కి ఏడాది చందా 1,499 రూపాయలు కట్టాను. బాస్కెట్‌బాల్ సీజన్ ముగింపుకొచ్చే రోజుల్లో ఎవరూ చందా కట్టరు. నేను కట్టింది ఒకే ఒక్క కారణంతో: మీ ప్రకటనలో "పాత సీజన్ల పూర్తి మ్యాచ్‌లు, మీకు వీలైనప్పుడు" అని ఉంది. రెండు నెలలు బాగానే చూశాం. జులై 20 ఆదివారం పొద్దున ఎనిమిదింటికి యాప్ తెరిస్తే, ముందురోజు సగం చూసి ఆపిన మ్యాచ్ లేదు. దాని స్థానంలో పది నిమిషాల క్లిప్ ఉంది. వెతికితే మిగతా పాత మ్యాచ్‌లదీ అదే పరిస్థితి. ముందుగా ఒక మెయిల్ లేదు, మెసేజ్ లేదు.

అదే రోజు ఫిర్యాదు చేశాను. 23న జవాబొచ్చింది: ముఖ్యమైన ఘట్టాలన్నీ హైలైట్స్‌లో ఉన్నాయట, కాబట్టి నా చందాకు నష్టమేమీ జరగలేదట. నేను ఈ ఉత్తరం రాయడానికి మ్యాచ్‌లు పోవడం ఎంత కారణమో, ఈ జవాబూ అంతే కారణం. మేం ఆ మ్యాచ్‌లు ఎందుకు చూస్తున్నామో చెబితే తప్ప ఆ జవాబులో తప్పేమిటో మీకు తెలియదు. కాస్త ఓపిగ్గా చదవండి.

మేం 2012 నుంచి 2019 దాకా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్నాం. వారానికోసారి కాకపోయినా, డబ్బు కూడినప్పుడల్లా బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్‌లో దిగి, ఆ పొడవాటి వంతెన మీద నడుచుకుంటూ ఓరాకిల్ అరీనాకి వెళ్లేవాళ్లం. అన్నిటికంటే పైవరస సీట్లు. అక్కణ్ణుంచి చూస్తే మనుషులు చిన్నగా కనిపిస్తారు గానీ ఆట మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. బంతి లేని నలుగురూ ఏం చేస్తున్నారో అక్కడే చూడటం నేర్చుకున్నాను. అక్కడ ఆడే గోల్డెన్ స్టేట్ వారియర్స్ మా ఇంటి జట్టు అయింది. స్టెఫెన్ కరీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ ముగ్గురూ ఆ జట్టే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, తెచ్చుకుని పెంచినవాళ్లు. ఆ వంతునే పిక్ అంటారు: 2009లో ఏడో పిక్, 2011లో పదకొండో పిక్, 2012లో ముప్పై ఐదో పిక్. మా కళ్లముందే ఎదిగారు. మా కళ్లముందే వాళ్లకు వయసొచ్చింది.

ఈ మే నెలలో ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశ) మిన్నెసోటాతో ఏడు మ్యాచ్‌ల సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే కరీ తొడ కండరం పట్టేసింది. ఆ మ్యాచ్ గెలిచారు, ఆ తర్వాత వరసగా నాలుగు ఓడారు. కరీకి ముప్పై ఏడు, గ్రీన్‌కి ముప్పై ఐదు, ఫిబ్రవరిలో తెచ్చుకున్న జిమ్మీ బట్లర్‌కీ ముప్పై ఐదు. ఆ రోజు మా ఇంట్లో గొడవ మొదలైంది. గుంటూరులో ఇంటర్ చదువుతున్న మా ఆడపడుచు కొడుకు సెలవులకి వచ్చి ఉన్నాడు, కాలేజీ జట్టులో ఆడతాడు. "ఈ జట్టుని ఎప్పుడో విడగొట్టి మళ్లీ మొదటి నుంచి కట్టాల్సింది అత్తయ్యా, మీరంతా అభిమానంతో చూస్తున్నారు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే 2020లో అదే మాట నేనూ అన్నాను. అంతకుముందు ఏడాది ఫైనల్స్‌లో మా జట్టు స్టార్ డ్యురాంట్ కాలి మడమ నరం తెగింది, మూడు రోజులకి క్లే మోకాలు పోయింది. తర్వాతి సీజన్‌లో 15 గెలిచి 50 ఓడారు. గ్రీన్‌ని ఇచ్చేసి, ఎంతమంది కుర్రాళ్లొస్తే అంతమందిని తెచ్చుకోవాలని అందరికంటే గట్టిగా వాదించింది నేనే. వాళ్లు విడగొట్టలేదు. 2022లో కప్పు గెలిచారు. నేను తప్పు అని ఒప్పుకున్నాను. మళ్లీ 2024 ఏప్రిల్‌లో శాక్రమెంటో చేతిలో చిత్తుగా ఓడినప్పుడు, నేను మొదట అన్నదే నిజమేమో అనిపించింది. ఈ మేలో ఇంకో రకంగా అనిపించింది. ఇన్నిసార్లు మాట మార్చానంటే నాకు ఆట గుర్తులేదన్నమాట, ఫలితాలే గుర్తున్నాయి.

అందుకే అనుకున్నాం, పాత మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా చూద్దామని. నేను, మావారు, ఆ పిల్లవాడు, ఫ్రీమాంట్‌లోనే ఉన్న మా తమ్ముడు. శనాదివారాలు ఇక్కడ పొద్దున ఎనిమిదికి కూర్చుంటే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. సెలవులైపోయి పిల్లవాడు వెళ్లిపోయాక గుంటూరు నుంచి ఫోన్‌లో కలిసేవాడు.

మా తమ్ముడిది బోస్టన్ వాదన. 2013లో వాళ్లు తమ పాత స్టార్లు పియర్స్‌నీ, గార్నెట్‌నీ బ్రూక్లిన్‌కి ఇచ్చేసి పిక్‌లు తీసుకున్నారు. ఊరంతా బాధపడింది. ఆ పిక్‌ల దారిలోనే జేలెన్ బ్రౌన్ వచ్చాడు, టేటమ్ వచ్చాడు, 2024లో కప్పు వచ్చింది. నాది శాన్ ఆంటోనియో వాదన. 2013 ఫైనల్స్‌లో గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయాక, వీళ్ల పని అయిపోయిందన్నారు అందరూ. మరుసటేడు అదే డంకన్ ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, అదే గినోబిలి, అదే పార్కర్‌తో కప్పు గెలిచింది ఆ జట్టు. కొత్తగా కట్టుకోవడం అంటే నేలమట్టం చేసి ఏళ్ల తరబడి ఓడటానికి సిద్ధపడటం. డెట్రాయిట్ అభిమానులు 2023–24లో ఒకే సీజన్‌లో వరసగా 28 ఓటములు చూశారు. వాళ్లు మరుసటేడు ప్లేఆఫ్స్‌కి వచ్చారు, నిజమే, కానీ ఆ శీతాకాలం ఎలా గడిపారో వాళ్లకే తెలియాలి.

మావారు మా ఇద్దరితోనూ ఏకీభవించలేదు. ఆయన లెక్కలో తప్పు విడగొట్టకపోవడం కాదు, అటూ ఇటూ కాకుండా రెండు పడవల మీద కాళ్లు పెట్టడం. కరీ వయసు దాటకముందే ఇంకో కప్పు కొట్టాలి, పక్కనే తర్వాతి తరాన్నీ పెంచాలి అనుకున్నారు. 2020లో రెండో పిక్‌తో వైజ్‌మన్‌ని తీసుకున్నారు. తర్వాతి పిక్‌లో, ఆ తర్వాత స్టార్ అయిన లమేలో బాల్ షార్లెట్‌కి వెళ్లాడు. వైజ్‌మన్ మొదటి ఏడు 39 మ్యాచ్‌లాడి మోకాలు పాడుచేసుకున్నాడు, తర్వాతి సీజన్ అసలు ఆడలేదు, 2023 ఫిబ్రవరిలో అతన్ని పంపేశారు. 2021లో కుమింగా, మూడీ అనే కుర్రాళ్లని తెచ్చారు. కప్పు కోసం ఆడే జట్టులో పంతొమ్మిదేళ్ల పిల్లలకి తప్పులు చేసి నేర్చుకునే నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి అన్నది ఆయన ప్రశ్న. నాకూ అది సరైన ప్రశ్నే అనిపిస్తోంది.

ఈ ప్రశ్నలకి జవాబు స్కోరుబోర్డులో ఉండదు, మీరిచ్చే హైలైట్స్‌లో అంతకన్నా ఉండదు. వయసు కనబడేది బంతి బుట్టలో పడ్డప్పుడు కాదు. షాట్ వేసి వెనక్కి పరిగెత్తడంలో అర అడుగు వెనకబడ్డప్పుడు, ఎదుటివాడు అడ్డుపెట్టిన మనిషి చుట్టూ తిరిగి రావడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టినప్పుడు, కోచ్ నిశ్శబ్దంగా అతనికి ఎదుటి జట్టులో తేలికైన ఆటగాణ్ణి అప్పగించినప్పుడు కనబడుతుంది. మా పిల్లవాడు లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాడు. ప్రతిసారీ ఎదుటి జట్టులో బంతి పట్టుకొచ్చేవాడి మీద ఎవరు నిలబడ్డారో చూసి గీత గీసేవాడు. 2019 జూన్ 13న ఓరాకిల్‌లో జరిగిన ఆఖరి మ్యాచ్ పేజీలో క్లే పేరు కింద గీతలు గుంపులుగా ఉన్నాయి. 2022 ఫైనల్స్ పేజీకి వచ్చేసరికి అవి పలచబడ్డాయి, అదే జట్టులోని విగిన్స్ పేరు కింద చేరాయి. క్లేకి రెండు పెద్ద గాయాలు, 941 రోజులు ఆటకి దూరం. ఆ గీతల్లో అది ఎంత స్పష్టంగా కనిపించిందో చెప్పలేను. అతను త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తూనే ఉన్నాడు, క్లిప్‌లు చూసినవాళ్లకి అదే క్లే.

2019 మ్యాచ్ చూసిన రోజు గురించి ఒక్క మాట చెప్పాలి. క్లే కిందపడ్డాడు, మోకాలు పట్టుకున్నాడు, సొరంగంలోకి కుంటుకుంటూ వెళ్లాడు. ఫౌల్‌కి దక్కిన ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు) తను వేయకపోతే మళ్లీ ఆటలోకి రాకూడదని తెలిసి, వెనక్కి తిరిగి వచ్చాడు. రెండూ వేశాడు. తెగిన లిగమెంటుతో డిఫెన్స్‌కి కూడా వెనక్కి కదిలాడు. అప్పటికి 30 పాయింట్లు అతనివి. జట్టుని విడగొట్టాలన్న మా పిల్లవాడు అప్పుడేమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఇలాంటివాణ్ణి ఎవరికో ఇచ్చేయాలంటే ఎవరికి చేతులొస్తాయి" అన్నాడు. చేతులు రాకపోవడం వేరు, అది సరైన నిర్ణయం కావడం వేరు. ఆ రెండిటికీ మధ్య తేడా తేల్చుకోవడానికే మిగతా మ్యాచ్‌లు కావాలి మాకు.

జులై 19న చూడటం మొదలుపెట్టింది 2023 ఏప్రిల్ 30 నాటి ఏడో మ్యాచ్, శాక్రమెంటోలో. కరీ 50 పాయింట్లు కొట్టాడని ప్రపంచానికి తెలుసు. మీ పది నిమిషాల క్లిప్‌లో ఉన్నదీ అదే. కానీ అదే మ్యాచ్‌లో మా జట్టు కెవాన్ లూనీ 21 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు అందుకోవడం) తీశాడు, అందులో పది సొంత జట్టు షాట్ తప్పిపోయినప్పుడు. అంటే పదిసార్లు అలిసిన కాళ్లున్న జట్టుకి ఇంకో అవకాశం తెచ్చిపెట్టాడు. మీ క్లిప్‌లో లూనీ రెండుసార్లు కనిపించాడు, రెండోసారి సగం తెర బయటే ఉన్నాడు. ముసలి జట్టు గెలిచిందా, ముసలి జట్టుని ఎవరో మోశారా అన్నది తెలియాలంటే ఆ పది రీబౌండ్లూ చూడాలి.

ఆ తర్వాత వరసలో ఉన్నది 2024 ఏప్రిల్ 16, మళ్లీ శాక్రమెంటోలోనే, 118–94తో ఓటమి. క్లే పది షాట్లు వేశాడు, ఒక్కటీ పడలేదు. ఆ జట్టు చొక్కాతో అతని చివరి మ్యాచ్ అదే. ఆ వేసవిలో డల్లాస్‌కి వెళ్లిపోయాడు. మీ హైలైట్స్ క్లిప్ మూడుసార్లు చూశాను. అతని షాట్ ఒక్కటీ లేదు. పడని షాట్లు హైలైట్స్‌లో పెట్టరు కదా. పదమూడేళ్లు ఒకే జట్టుకి ఆడిన మనిషి ఆఖరి రాత్రి, మీ క్లిప్ ప్రకారం, అతను ఆడనే లేదు. అవి మంచి షాట్లేనా? తొందరపడ్డాడా? కాళ్లు సహకరించలేదా? కోచ్ అతన్ని ఎంతసేపు ఉంచాడు? అతన్ని వదులుకోవడం న్యాయమా కాదా అన్న మా ప్రశ్నకి సాక్ష్యం ఆ పది షాట్లే. "ముఖ్యమైన ఘట్టాలన్నీ ఉన్నాయి" అని మీరు రాసిన మ్యాచ్‌ల్లో ఇదొకటి.

ప్రసార హక్కుల గడువులుంటాయని నాకు తెలుసు. గడువు ముగుస్తోందని తెలిసినప్పుడు ఏడాది చందా అమ్మకూడదు, అమ్మితే ఆ తేదీ ముందే చెప్పాలి. నేను డబ్బు కట్టిన రోజున ఆ పేజీలో అలాంటి తేదీ ఏదీ లేదు. ఆ పేజీ స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, జులై 23 నాటి మీ జవాబు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

నేను కోరేది ఇది. 2019 నుంచి 2025 వరకు ప్లేఆఫ్స్, వాటికి అర్హత కోసం ఆడే ప్లే-ఇన్ పూర్తి మ్యాచ్‌లను నా చందా ముగిసే 2026 మే దాకా తిరిగి అందుబాటులోకి తేవాలి. అది కుదరదంటే, మ్యాచ్‌లు తీసేసిన రోజు నుంచి మిగిలిన పది నెలల చందా వెనక్కి ఇవ్వాలి. ఈ రెండిట్లో నాకు డబ్బు వద్దు, మ్యాచ్‌లే కావాలి. రెండిట్లో ఏది చేసినా, హైలైట్స్ పూర్తి మ్యాచ్‌తో సమానమన్న ఆ జవాబుని మాత్రం రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఇలాంటి ఉత్తరమే మీకు రాసి, ఆ మాట చదివి ఊరుకున్నవాళ్లు ఇంకెందరో ఉంటారు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన అని జిల్లా కమిషన్‌కి వెళ్తాను.

మీ మనిషి ఎవరైనా ఫోన్ చేస్తే శనాదివారాలు పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య చేయమనండి. నలుగురం ఒకేసారి దొరుకుతాం. మా నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ సగం ఆట దగ్గర ఆగి ఉంది: శాక్రమెంటో 58, వారియర్స్ 56. దాని కింద గీతలకి చోటు వదిలిపెట్టాడు మా పిల్లవాడు.

ఇట్లు,
మీ చందాదారు
కూకట్‌పల్లి, హైదరాబాద్