జడలో మల్లెపూలు ఏమయ్యాయంటే

మొన్న మాఘమాసంలో మా స్టూడియోలో పెళ్లి ఆల్బమ్ చేయించుకున్న వాళ్లందరికీ,

మీ ఆల్బమ్‌లలో కటింగ్ పాడైంది. ఫోటోలో మనిషిని వెనకున్న షామియానా నుంచి విడదీసి, డిజైన్ పేజీ మీద పెట్టే పనిని మేం కటింగ్ అంటాం. ఈసారి ఆ పని బయటికి ఇచ్చాను. వచ్చినదాన్ని సరిగ్గా చూడకుండా ప్రింట్‌కి పంపాను. చూడకపోవడం నా తప్పే.

పోయిన నెల ఒక అక్కగారు ఆల్బమ్ చంకలో పెట్టుకుని వచ్చారు. కౌంటర్ మీద పరిచి, ఏడో పేజీ తీసి, "తమ్ముడూ, మా అమ్మాయి జడలో మల్లెపూలు ఏమయ్యాయి?" అన్నారు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు పేజీ అది. పెళ్లికూతురు వెనక్కి తిరిగి చూస్తోంది. జడలో కనకాంబరాలు నిక్షేపంగా ఉన్నాయి. మల్లెచెండు ఉండాల్సిన చోట ఎలుక కొరికినట్టు అంచు. ఆవిడ గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే బాగుండేది.

జరిగింది ఇదీ. ఆ మండపంలో వెనక తెల్ల గుడ్డ కట్టారు. 2018 నుంచి ఫోటోషాప్‌లో సెలెక్ట్ సబ్జెక్ట్ అని ఒకటుంది. నొక్కితే మనిషి చుట్టూ గీత దానంతటదే పడుతుంది. మంచిదే, నేనూ వాడతాను. కానీ తెలుపు పక్కన తెలుపు ఉంటే చాలాసార్లు తడబడుతుంది. మల్లెలు గుడ్డలో కలిసిపోయాయి, గుడ్డతో పాటే పోయాయి. మన కంటికైతే పువ్వు కింద సన్నటి నీడ కనిపిస్తుంది. ఆ నీడ పట్టుకుని పెన్ టూల్‌తో చుక్క చుక్కా పెట్టుకుంటూ వెళ్లాలి. అంతకంటే దగ్గరదారి నాకు తెలియదు.

ఆ రాత్రి షట్టర్ దించి, మాఘమాసం ఆల్బమ్‌లు 11 పెళ్లిళ్లవీ కంప్యూటర్‌లో తెరిచి చూశాను. ఒకచోట బాసికం ఉంది, దాని దారం లేదు. ఇంకోచోట పెళ్లికొడుకు మోచేతికీ నడుముకీ మధ్య సందులో షామియానా ఆకుపచ్చ ముక్క అలాగే మిగిలిపోయింది. తలంబ్రాల ఫోటో ఒకటి చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఇద్దరూ చేతులెత్తి నవ్వుతున్నారు, గాల్లో ఒక్క బియ్యపు గింజ లేదు.

ఈ కటింగ్ చేసిన వాళ్లు మాకు కొత్త కాదు. రెండేళ్లుగా చేస్తున్నారు, మొదట్లో నీట్‌గానే చేశారు. పేరు చెప్పను. ఫోన్ చేస్తే "మొత్తం పెన్ టూల్‌తోనే చేశామన్నా" అన్నారు. పెన్ టూల్‌తో గీస్తే ఆ గీత పాత్ అవుతుంది, సేవ్ చేస్తే ఫైల్‌లో పాత్స్ ప్యానెల్‌లో కూర్చుంటుంది. వాళ్లు పంపిన ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి ఆ ప్యానెల్ చూశాను. ఖాళీ. అన్నింట్లో ఖాళీ. మాస్కులన్నీ, అంటే మనిషిని ఉంచి వెనకదాన్ని దాచే పొరలన్నీ, ఒకే ఫెదర్, అంటే అంచుకి ఒకే మెత్తదనం. చీర అంచుకీ అంతే, జుట్టుకీ అంతే. బిల్లు మాత్రం చేత్తో చేసిన రేటు.

ఆ మాట అడిగితే అవతలి కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "ఆ మాత్రం ఎవరు చూస్తారన్నా, పేజీ తిప్పేస్తారు."

డబ్బు గురించి ఇంత బాధ లేదు. ఈ మాటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. మా నాన్న ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేసేవారు. ప్రింటింగ్ ప్లేటు తయారీకి వాడే లిత్ ఫిల్మ్ మీద అక్కర్లేని భాగాన్ని సన్న కుంచెతో, ఎర్ర రంగు పూసి మూసేసేవారు. ఫిల్మ్ కింద పెట్టి వెలుగు పట్టే ప్లేటుకి ఎరుపు కనిపించదు, అందుకని ఆ రంగు. ఫోటోషాప్‌లో కీబోర్డ్ మీద క్యూ నొక్కితే సెలెక్ట్ కాని భాగం మీద పరుచుకునే ఎరుపు ఆ పద్ధతిదే. నాన్న పూసిన అంచుని భూతద్దం పెట్టి చూసేవాళ్లు ఉండేవారు. ఆయన కొడుకు స్టూడియోలో ఎవరూ చూడరట!

ఇక అసలు మథన. ఫిర్యాదు చేసింది ముగ్గురే. మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లు బాగుందని తీసుకెళ్లారు. "అడిగినవాళ్లకి చేసివ్వండి, అడగనివాళ్లని కదిలించడం ఎందుకు?" అంది మా ఆవిడ. లెక్క ప్రకారం ఆమెదే కరెక్ట్. 11 ఆల్బమ్‌లు మళ్లీ ప్రింట్ చేసి బైండింగ్ చేయిస్తే సీజన్ లాభం చాలావరకు పోతుంది. నాలుగు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒకసారి ముగ్గురికే అనుకున్నాను, ప్రింట్ ఆర్డర్ కూడా రాశాను, చించేశాను. మళ్లీ రాశాను. బజార్లో ఆ ఎనిమిది మందిలో ఒకాయన ఎదురై, "ఆల్బమ్ అదిరింది బాబూ" అన్నాడు. ఆయన ఆల్బమ్‌లోనే బాసికం దారం లేనిది. ఆ పూటతో తేలిపోయింది. పదకొండూ మళ్లీ చేస్తున్నాను. పైసా అడగను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలంతా ఇదే పని. నేనే కూర్చుంటాను. అంచులకి పెన్ టూల్, 200 శాతం జూమ్‌లో, గీత అంచుకి ఒక పిక్సెల్ లోపలగా. జుట్టుకి పెన్ పనికిరాదు, చానెల్స్‌లోంచి, అంటే ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లోంచి, తీయాలి. తెల్ల గుడ్డ ముందు బ్లూ చానెల్‌లో జుట్టు బాగా నల్లగా పడుతుంది, కనకాంబరాలు కూడా దాంతోపాటే వచ్చేస్తాయి. మల్లెలకే చేత్తో గీయాలి. తలంబ్రాల ఫోటోలు ఇక ఎవరు అడిగినా కట్ చేయను. మండపం, జనం, గింజలు ఎలా ఉంటే అలాగే పేజీ నిండా వేస్తాను. వెనకాల మంచు కొండలు కావాలనుకునేవారు నన్ను క్షమించాలి. తలంబ్రాలు పోసుకున్నది మన కల్యాణ మండపంలో కదా.

ఇకనుంచి కటింగ్ బయటికి ఇవ్వను. అందుకని ఆల్బమ్‌కి 20 రోజులు కాదు, 45 రోజులు పడుతుంది. తొందర ఉన్నవాళ్లు ముందే చెప్పండి, కట్ చేసే పేజీలు తగ్గించుకుందాం. ఈ ఏడాది రేటు పెంచడం లేదు. పాస్‌పోర్ట్ ఫోటోలకు మాత్రం సెలెక్ట్ సబ్జెక్టే వాడతాను, చెవుల దగ్గర ఒకసారి సరిచూసి ఇస్తాను. దానికి 45 రోజులు ఆగమంటే నన్ను కొడతారు.

మాఘమాసం వాళ్లు ఫోటోలు మళ్లీ తేనక్కర్లేదు, ఒరిజినల్స్ మా దగ్గర ఉన్నాయి. పాత ఆల్బమ్ వెనక్కి ఇవ్వాల్సిన పని కూడా లేదు. శ్రావణం మొదటి వారంలో ఫోన్ చేస్తాం. ఒక ఆల్బమ్ ఇప్పటికే పెళ్లికూతురితో డల్లాస్ వెళ్లిపోయింది. వాళ్లమ్మగారు శ్రావణం చివర్లో ప్రయాణం పెట్టుకున్నారు, సూట్‌కేసులో పచ్చళ్లు పోను మూడు కేజీలు మిగులుతుందన్నారు. ఆల్బమ్ పెట్టెతో కలిపి తూచి చూశాను, మూడుంపావు ఉంది. పెట్టె లేకుండా ఇస్తాను.